ప్రత్యేక విద్యావసరములు: ఇంగ్లండు ప్రాథమిక పాఠశాలలు

సమవయస్కులలో అధికసంఖ్యాకులకంటె చదువు నేర్చుటలో గణనీయముగా ఎక్కువ కష్టపడు బిడ్డకును, ఎల్లరకును లభించు సౌకర్యములను ఉపయోగించుకొననీయని వైకల్యము గల బిడ్డకును, ఆ కారణముచేత తక్కినవారికి జరుపు బోధనకంటె అదనముగానో భిన్నముగానో బోధన జరుపవలసివచ్చినచో, ‘ప్రత్యేక విద్యావసరములు’ కలవని ఇంగ్లండు శాసనము చెప్పుచున్నది. 2014వ సంవత్సరపు బాలల, కుటుంబముల చట్టము ఇచ్చిన ఈ నిర్వచనమున రోగముల పట్టిక లేదు. వైద్యుని ధ్రువపత్రము చూపవలెనను నియమమును లేదు. ఆ బిడ్డ చదువుకొనుటకు పాఠశాల ఏమి చేయవలెననునదియే అందలి ప్రధాన ప్రశ్న. ఈ ప్రశ్న శాసనమునకు ఎక్కుటకు ఒక శతాబ్దికి పైగా పట్టినది. ఎక్కిన పిదపగూడ అది తరగతిగదిలో నిలదొక్కుకొనలేక తఱచు కాగితములలోనికి జాఱిపోవుచుండుట ఈ చరిత్రలో మిక్కిలి విచారకరమగు భాగము.

ఇంగ్లండులో ప్రాథమిక పాఠశాల నాలుగైదేండ్ల వయస్సున ‘రిసెప్షన్’ తరగతితో మొదలై, పదునొకండవ యేట ఆఱవ తరగతితో ముగియును. 2025 జనవరిలో జరిగిన పాఠశాలల గణన ప్రకారము అన్ని స్థాయిలలోను కలిపి 17 లక్షలకు మించిన విద్యార్థులకు ప్రత్యేక విద్యావసరములు గుర్తింపబడినవి, నూటికి 14.2 మంది పాఠశాల తన వనరులతో ఇచ్చు తోడ్పాటును, 5.3 మంది శాసనబద్ధమగు ప్రణాళికను పొందుచుండిరి. 2015 జనవరినాటి ఆచరణ నియమావళి ఈ అవసరములను భాషాసంపర్కములు, గ్రహణాభ్యసనములు, సాంఘిక మానసిక స్వాస్థ్యము, ఇంద్రియ శరీర వైకల్యములు అను నాలుగు క్షేత్రములుగా విభజించినది. ఒకే బిడ్డ రెండు మూడు క్షేత్రములకు చెందుట సర్వసాధారణము. ప్రణాళిక గలవారిలో ఆటిజము గలవారును, పాఠశాల తోడ్పాటుపై ఉన్నవారిలో మాటకును భాషకును సంబంధించిన ఇబ్బంది గలవారును ఎక్కువ.

1870నాటి విద్యాచట్టము ప్రాథమిక విద్యను దేశమంతట నెలకొల్పగా, 1880లో హాజరు నిర్బంధమయ్యెను. అంతవఱకు ఇంటి మూలలలోను, పొలములలోను, కర్మశాలలలోను ఉండిపోయిన పిల్లలు ఒక్కమాఱుగా బల్లలమీదికి వచ్చి కూర్చుండినపుడు, కిక్కిఱిసిన తరగతులలో పాఠము పట్టుబడనివారెవరో మొదటిసారిగా కంటబడిరి. 1862 మొదలుకొని పాఠశాలకు ముట్టు సర్కారు ద్రవ్యము ఇన్‌స్పెక్టరు జరుపు పరీక్షలలోని ఫలితములనుబట్టి లెక్కింపబడుచుండుటచేత, నెమ్మదిగా నేర్చు పిల్లవాడు ఉపాధ్యాయునికి నష్టహేతువుగా తోచుట సహజమే. అట్టివానిని వేఱుచేయవలెనను ఆలోచన కొంత దయనుండియు, కొంత ఈ లెక్కనుండియు పుట్టినది. 1893లో అంధులకును బధిరులకును, 1899లో మానసిక లోపము గలవారికిని మూర్ఛరోగులకును వేఱువేఱు చట్టములు వచ్చెను. 1913లో లండను కౌంటీ కౌన్సిలు సిరిల్ బర్ట్ అను మనశ్శాస్త్రజ్ఞుని నియమించి, ప్రత్యేక పాఠశాలలకు పోదగిన పిల్లలను ఏఱుటలో అతని పరీక్షలను ఉపయోగించుకొనెను. బుద్ధిని అంకెలలో కొలుచు పద్ధతి అట్లు పాఠశాలల పరిపాలనలో వేళ్లూనినది.

1944నాటి విద్యాచట్టమును అనుసరించి మఱుసటి యేట వెలువడిన నిబంధనలు వికలాంగ విద్యార్థులను పదునొకండు తెగలుగా విభజించెను. పిల్లవానిని ముందు ఒక తెగలో చేర్చుట, పిమ్మట ఆ తెగకై ఏర్పడిన పాఠశాలకు పంపుట అనునదియే నాటి విధానము. ఈ పదునొకండింటిలోను చేరక, విద్యకే అనర్హులని నిర్ణయింపబడిన పిల్లలు వేలకొలది కలరు. వారు విద్యాశాఖ చేతినుండి జాఱి, ఆరోగ్యశాఖవారి శిక్షణ కేంద్రములలోను ఆసుపత్రులలోను బాల్యము గడపిరి. 1970లో చేసిన చట్టము 1971 ఏప్రిలునుండి అమలుకు వచ్చినమీదటనే, ఎంతటి వైకల్యము గల బిడ్డయైనను చదువునకు హక్కుదారు అను సూత్రము ఆ దేశమున సంపూర్ణమైనది. ఆ యేటనే గ్రెనడా దీవినుండి వచ్చి లండనులో ఉపాధ్యాయుడుగా పనిచేసిన బెర్నార్డ్ కోర్డ్ ఒక చిన్న పుస్తకము ప్రకటించి, వెస్టిండీస్ కుటుంబముల పిల్లలు తమ జనసంఖ్యకు మించిన నిష్పత్తిలో ‘విద్యలో అల్పసామర్థ్యులు’ అను ముద్రతో ప్రత్యేక పాఠశాలలకు త్రోయబడుచుండిరని నిరూపించెను. వారి యాసయు, ఇంటి పలుకుబడియు, పరీక్షకునికి అపరిచితమైన వారి నడవడియు మందబుద్ధికి గుర్తులుగా లెక్కింపబడినవి. తెగల పద్ధతిపై వచ్చిన అభియోగములలో ఇంతకంటె బలమైనది నాకు కనబడదు.

మేరీ వార్నక్ అను తత్త్వశాస్త్రవేత్త అధ్యక్షతన నియుక్తమైన సంఘము 1978లో సమర్పించిన నివేదిక ఈ తెగలను తుడిచివేయవలెనని కోరినది. అప్పటివఱకు ప్రత్యేక విద్య అనగా ప్రత్యేక పాఠశాలలలోని సుమారు 2 శాతము పిల్లల విషయముగానే పరిగణింపబడుచుండెను. పాఠశాల జీవితమున ఏదో ఒక కాలమున ప్రతి ఐదుగురిలో ఒకనికి ఏదో విధమగు ప్రత్యేక తోడ్పాటు కావలసివచ్చునని వార్నక్ సంఘము లెక్కగట్టెను. ఈ ఒక్క లెక్కతో సమస్య ఊరిచివరి ప్రత్యేక పాఠశాలను విడిచి, ప్రతి సామాన్య తరగతిలోనికిని నడచివచ్చినది. ముప్పదిమంది గల తరగతిలో ఆఱుగురు అట్టివారుండుదురన్నమాట. ఆఱుగురిని వెలుపలికి పంపి తరగతి నడపుట ఏ ఉపాధ్యాయునికిని సాధ్యము గాదు. తన బోధననే మార్చుకొనవలెను. 1981నాటి చట్టము ఈ నివేదికను అనుసరించినది. తీవ్రమైన అవసరములు గలవారికి హక్కు పత్రమువంటి ‘స్టేట్‌మెంట్’ అప్పుడే వచ్చినది. 1994లో మొదటి ఆచరణ నియమావళియు, తల్లిదండ్రుల అప్పీళ్లను విచారించు ట్రిబ్యునలును ఏర్పడినవి.

అవసరములలో కంటికి కనబడనివే ప్రాథమిక పాఠశాలకు ఎక్కువ పరీక్ష పెట్టును. 1896 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నలులో ప్రింగిల్ మోర్గన్ అను సస్సెక్స్ వైద్యుడు పెర్సీ అను పదునాలుగేండ్ల బాలుని గుఱించి వ్రాసెను. చుఱుకైనవాడు, ఆటలలో తోటివారికి తీసిపోనివాడు. 749ని 867చేత హెచ్చించు లెక్కను శీఘ్రముగా, తప్పులేకుండ చేసినవాడు. అట్టివాడు తన పేరునే అక్షరములు తాఱుమాఱు చేసి ‘ప్రెసీ’ అని వ్రాసి, ఒకటికి రెండుసార్లు చూపించినగాని ఆ తప్పు కనుగొనలేకపోయెను. చదువంతయు నోటిమాటగానే చెప్పినచో ఇతడే పాఠశాలలో మేటి యగునని అతని ఉపాధ్యాయుడు అభిప్రాయపడెను. నేడు డిస్లెక్సియా అని వ్యవహరింపబడు స్థితిని వర్ణించిన తొలి వైద్యరచనలలో ఇది ఒకటి. పెర్సీవంటివానిని పదునాలుగవ యేటివఱకు కనిపెట్టలేకపోవుట ఆనాటి పాఠశాలల కొఱత. ఇపుడు ఇంగ్లండులో 2012నుండి ఒకటవ తరగతి పిల్లలెల్లరును జూన్ నెలలో 40 పదములు పైకి చదివి వినిపింపవలెను. అందు 20 నిజమైన మాటలు, 20 అర్థములేని కల్పిత పదములు. గుర్తుపట్టి చెప్పుటకు వీలులేని పదమును బిడ్డ అక్షరధ్వనులు కూర్చి చదువగలడా లేదా యని చూచుటకు ఈ ఏర్పాటు. దీనితో డిస్లెక్సియా నిర్ధారణ కాదు గాని, ఆఱేండ్ల వయస్సుననే ఉపాధ్యాయుని చూపు ఆ బిడ్డపై పడును.

అంతకంటెను మఱుగున ఉండునది భాషావికాస లోపము. వినికిడి, బుద్ధి సరిగానున్నను మాటలను గ్రహించుటయు, వాక్యములుగా కూర్చుటయు కష్టమగు ఈ స్థితి సుమారు 7 శాతము పిల్లలలో, అనగా తరగతికి ఇరువురిలో ఉన్నదని పరిశోధకులు తేల్చిరి. అట్టి పిల్లవాడు అల్లరి చేయడు. ప్రక్కవానిని చూచి పుస్తకము తెఱచును, అందఱును లేచినపుడు లేచును. “పుస్తకము మూసివేయుటకు ముందు తేదీ వ్రాయుము” అని చెప్పినచో ముందు పుస్తకము మూయును. ఉపాధ్యాయురాలు అది అశ్రద్ధ అనుకొనును. మధ్యకర్ణమున జిగట ద్రవము చేరి వినికిడి కొన్నాళ్లు తగ్గి, కొన్నాళ్లు బాగుపడు స్థితియు ఇట్టిదే. పదేండ్లు నిండులోపల పదిమందిలో ఎనమండుగురికి ఎప్పుడో ఒకప్పుడు అది వచ్చుననుట విన్నవారికి ఆశ్చర్యము గొల్పును. “పిలిచినా పలకడు, మొండివాడు” అని ఇంటివారు విసుగుకొను పిల్లలలో కొందఱు నిజముగా వినబడక పలుకనివారే. అట్టివానిని ముందు వరుసలో, ఉపాధ్యాయురాలి ముఖము కనబడు చోట, చప్పుడు చేయు కిటికీకి దూరముగా కూర్చుండబెట్టుటకు పైసా ఖర్చు లేదు. వాని చెవిలో ద్రవమున్నదని ఎవరో ఒకరికి తోచవలెను, అంతే.

కనుకనే ఆచరణ నియమావళి ప్రతి విద్యార్థి ప్రగతికిని తరగతి ఉపాధ్యాయుడే బాధ్యుడని పలుమాఱులు చెప్పుచున్నది. అవసరము గుర్తింపబడిన బిడ్డ విషయమున పరిశీలించుట, ప్రణాళిక వేయుట, ఆచరించుట, పునర్విమర్శించుట అను చక్రము తిరుగుచుండవలెను. ఏడాదికి కనీసము మూడుసార్లు తల్లిదండ్రులతో కూర్చుండి మాటలాడవలెను. ప్రతి పాఠశాలలోను ఈ పనిని సమన్వయపఱచుటకు ‘సెంకో’ అను ఉపాధ్యాయుడు తప్పనిసరిగా ఉండవలెను. ఆ పదవికి నిర్దిష్టమగు శిక్షణార్హత కలదు. చిన్న పాఠశాలలలో సెంకో తానును ఒక తరగతి చెప్పుచు, మిగిలిన గంటలలో ఈ పని చూచుకొనుట తఱచు జరుగుచున్నది.

తరగతిలో కనబడు సాధనములు చాల సాదాసీదావి. ఆటిజము గల ఏడేండ్ల బాలిక ఉదయము గదిలోనికి వచ్చినంతనే గోడమీది బొమ్మల కాలపట్టికవద్దకు పోవును. లెక్కలు, విరామము, చదువు, భోజనము, వ్యాయామము అని వరుసగా అంటించిన బొమ్మలను చూచుకొని, ముగిసిన ప్రతి పనికిని ఆ బొమ్మను ఊడదీసి క్రింది సంచిలో వేయును. వ్యాయామము చెప్పువారు రానినాడు ఆ బొమ్మను ముందుగానే మార్చి చూపినచో బాలిక తట్టుకొనును. మార్చుట మఱచినచో మధ్యాహ్నమంతయు ఏడ్పుతో గడచును. పొరుగువారికి మొండితనముగా తోచు ఆ ఏడ్పు, తరువాత ఏమి జరుగునో తెలియని భయము. భాషావికాస లోపము గలవానికి పాఠములో రానున్న ఐదాఱు క్రొత్త మాటలను ముందురోజే వేఱుగా నేర్పి, బొమ్మతోడను చేష్టతోడను జతపఱతురు. 1970వ దశకమున మార్గరెట్ వాకర్ అను వాక్చికిత్సకురాలు ఆరంభించిన ‘మకటాన్’ అను సంజ్ఞాపద్ధతి ఇంగ్లండు శిశుతరగతులలో విస్తృతముగా వాడుకలో నున్నది. సంజ్ఞలు నేర్పినచో మాట రాదేమో యని తల్లిదండ్రులు భయపడుట కలదు. కాని ఇందు సంజ్ఞ మాటతో కూడియే వచ్చునుగాని దాని స్థానమును ఆక్రమింపదు.

ప్రత్యేక అవసరము గల బిడ్డ ప్రక్కన ఒక సహాయకురాలిని కూర్చుండబెట్టుటయే తోడ్పాటు అను అభిప్రాయము ఇంగ్లండులో చాలకాలము రాజ్యమేలినది. తల్లిదండ్రులును ఆమె గంటలనే కోరిరి. లండను ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషనుకు చెందిన పీటర్ బ్లాచ్‌ఫర్డ్ ప్రభృతులు 2003నుండి 2009వఱకు జరిపిన విస్తృత పరిశోధన ఈ నమ్మకమును కదల్చినది. మొదటి స్థాయిలోను, అవసరముల తీవ్రతలోను సమానులైన విద్యార్థులను పోల్చి చూచినప్పటికిని, సహాయకుల తోడు ఎక్కువగా పొందినవారి ప్రగతియే తక్కువగా ఉండెను. తప్పు సహాయకులది గాదు. వారు అల్పవేతనముతో, పాఠమును గుఱించి ముందుగా ఏమియు తెలియకయే పనిచేయుచుండిరి. కారణము వేఱు. సహాయకురాలు ప్రక్కనుండుటచేత ఉపాధ్యాయుడు ఆ బిడ్డవైపు వచ్చుట తగ్గినది. పని పూర్తిచేయింపవలెనను ఆతురతతో ఆమె జవాబులు అందించుటచేత ఆలోచించుటకు బిడ్డకు వ్యవధి చిక్కలేదు. శిక్షణ పొందిన సహాయకురాలు ఒక నిర్ణీత కార్యక్రమమును చిన్న సమూహమునకు క్రమము తప్పక నడపినపుడు మేలు కలుగుచున్నదని పిమ్మటి అధ్యయనములు తెలిపినవి. మిక్కిలి కష్టపడు విద్యార్థికి మిక్కిలి అనుభవము గల ఉపాధ్యాయుని కాలము ముట్టవలసియుండగా, అది అతనికే అన్నిటికంటె తక్కువగా ముట్టుచుండెననుట ఈ పరిశోధన బయటపెట్టిన అన్యాయము.

ఇంద్రియ శరీర వైకల్యముల విషయమున పద్ధతులు చాలవఱకు స్థిరపడినవి. ప్రత్యేకార్హత గల ఉపాధ్యాయులు పాఠశాలనుండి పాఠశాలకు తిరుగుచు బ్రెయిలీ నేర్పుదురు. బోధించువారి మెడలోని చిన్న మైకునుండి మాట నేరుగా బిడ్డ వినికిడి యంత్రమునకు చేరును. 2010నాటి సమానత్వ చట్టము ప్రకారము వికలాంగుడైన విద్యార్థి వెనుకబడకుండుటకు సముచితమగు మార్పులు చేయుట పాఠశాల విధి. సహాయక సాధనములు సమకూర్చుటయు 2012 సెప్టెంబరునుండి ఆ విధిలో చేరినది. ఆఱవ తరగతి జాతీయ పరీక్షలకు పెద్ద అక్షరముల ప్రతులు, బ్రెయిలీ ప్రతులు, నాలుగవ వంతువఱకు అదనపు కాలము లభించును. జాతీయ పాఠ్యక్రమపు మెట్టునకు చేరని తీవ్ర వైకల్యము గల పిల్లలను పరీక్షలతో కొలువక, క్రొత్త వస్తువును వెదకి చూచుట, ఎదురుచూచుట, విడువక యత్నించుట, తానై మొదలుపెట్టుట మొదలగు లక్షణములనుబట్టి గమనించు పద్ధతి 2021నుండి వచ్చినది. గంట మ్రోగినంతనే తల త్రిప్పిన బిడ్డ, కొన్ని వారములకు గంట మ్రోగకముందే దానికై చేయి చాచినచో, ఆ పాఠశాల దానిని విద్యాప్రగతిగా నమోదు చేయును, అది న్యాయము.

పాఠశాల తోడ్పాటు చాలనిచో స్థానిక ప్రభుత్వమునుండి విద్యారోగ్య సంరక్షణ ప్రణాళికను కోరవచ్చును. 2014నాటి చట్టముతో ఇది పూర్వపు స్టేట్‌మెంట్ స్థానమున వచ్చినది. మదింపు జరుపవలెనో లేదో ఆఱు వారములలో తేల్చి, ఇరువది వారములలో తుది ప్రణాళిక ఈయవలెనని గడువు కలదు. ఆచరణలో సుమారు సగము ప్రణాళికలు మాత్రమే ఇటీవలి సంవత్సరములలో ఆ గడువులో అందినవి. ఒక్కొక్క విద్యార్థికి అదనపు ఖర్చులో మొదటి 6,000 పౌండ్లవఱకు పాఠశాల తన ద్రవ్యమునుండి పెట్టుకొనవలెనను నియమముచేత, ఆ మొత్తము లేని పాఠశాలలు పిల్లలను వేగముగా ప్రణాళికవైపు నడుపుచున్నవి. నిరాకరింపబడిన తల్లిదండ్రులు ట్రిబ్యునలుకు పోవుదురు. తీర్పువఱకు వచ్చిన వ్యాజ్యములలో నూటికి తొంబదికి మించి వారికే అనుకూలమగుచున్నవి. అంత నిశ్చితముగా గెలువదగిన హక్కుకై నెలలకొలది పోరాడవలసివచ్చుట ఎంత మాత్రమును సమర్థనీయము గాదు. పైగా ఆంగ్లమున దరఖాస్తు వ్రాయగల, సెలవు పెట్టగల తల్లిదండ్రులకే ఆ పోరాటము సాధ్యము. వార్నక్‌గారే 2005లో ఒక కరపత్రిక వెలువరించి, తమ సంఘము సూచించిన స్టేట్‌మెంట్ పద్ధతి సత్ఫలితము నీయలేదనియు, కొందఱు పిల్లలకు చిన్న ప్రత్యేక పాఠశాలయే మేలగుననియు అభిప్రాయపడిరి. ఆ దేశమున ప్రత్యేక పాఠశాలలు నేటికిని నిండియున్నవి.

ఇంగ్లండులో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ శాసనమున ఒక నిబంధన ప్రత్యేకముగా తెలిసియుండదగినది. ఇంటిభాష బోధనాభాషకంటె వేఱగుట అను కారణముచేత మాత్రమే ఏ బిడ్డకును అభ్యసన లోపము కలదని ఎంచరాదని 2014నాటి చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. ఇంట తెలుగు పలుకు నాలుగేండ్ల పిల్ల పాఠశాలలో కొన్ని నెలలు మౌనముగా ఉండుట సహజము. లోపము నిజముగా ఉన్నచో అది రెండు భాషలలోను కనబడవలెను. కనుక తెలుగులో ఆ పిల్ల అమ్మమ్మతో కథ చెప్పగలదా, “నిన్న”, “రేపు” అను మాటలను సరిగా వాడునా, చెప్పిన మాటను ఒక్కసారికే అందుకొనునా అని మదింపుచేయువారు తల్లిని అడుగవలెను. వారు అడుగకపోయినను తల్లియే చెప్పవలెను. ఇంట తెలుగు మాని ఇంగ్లీషే మాటలాడుడని బంధువులు ఇచ్చు సలహాకు వాక్చికిత్సకుల వృత్తిసంఘము మద్దతు లేదు. చదువు విషయమునను ఒక భేదము కలదు. తెలుగులో అక్షరమునకును ధ్వనికిని పొంతన ఎక్కువ గనుక, చదువుటలో ఇబ్బంది గల బిడ్డ తెలుగును తప్పులకంటె నెమ్మదితనముతో చదువును. వర్ణక్రమము నియతముకాని ఇంగ్లీషులో అదే ఇబ్బంది తప్పులరాశిగా బయటపడును. తెలుగు చదువుచున్నాడు గదా యని ఆ బిడ్డ కష్టమును కొట్టివేయరాదు.

పదునొకండవ యేట ప్రాథమిక పాఠశాల ముగిసి, ఒక్క ఉపాధ్యాయుని గదినుండి పది పండ్రెండుమంది ఉపాధ్యాయుల పెద్ద పాఠశాలకు మాఱుట ఈ పిల్లలకు కష్టకాలము. ఐదవ తరగతి చివరినుండియే రెండు పాఠశాలల సెంకోలిరువురును కలిసి మాటలాడుకొనుట, వేసవిలో క్రొత్త భవనమునకు పిల్లవానిని పలుమాఱులు తీసికొనిపోయి నడవలు, భోజనశాల, మరుగుదొడ్లు చూపించుట, వాటి ఛాయాచిత్రములతో చిన్న పుస్తకము కుట్టి చేతికిచ్చుట ఇప్పుడు ఆచారమైనది. ప్రణాళిక గల విద్యార్థి విషయమున క్రొత్త పాఠశాల పేరుతో సవరించిన ప్రణాళికను స్థానిక ప్రభుత్వము ఆ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీలోపల ఈయవలెను. పాఠశాల తోడ్పాటు మాత్రమే గల పిల్లలకు అట్టి గడువేదియు శాసనమున లేదు. వారి సంగతి ఆఱవ తరగతి ఉపాధ్యాయుడు వ్రాసి పంపు పుటలపైనను, సెప్టెంబరులో వాటిని చదువు తీరిక క్రొత్త ఉపాధ్యాయునకు ఉండుటపైనను ఆధారపడియున్నది.